ఎస్‌ఎన్‌సీయూలో బిడ్డ: ఇంటివాళ్లను లోపల ఉండనివ్వమని అడగొచ్చా?

మంజీర_తమ్ముడు | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. మా అక్కకు బీపీ ఎక్కువైందని 32 వారాలకే పెద్దాపరేషన్ చేసి బిడ్డను తీసిన్రు. బాబు 1,450 గ్రాములు. జిల్లా ఆస్పత్రి ఎస్‌ఎన్‌సీయూల, అంటే జబ్బు పసిపిల్లలను చూసే స్పెషల్ వార్డుల, ఉన్నడు. ఊపిరి మంచిగనే తీసుకుంటున్నడట. ముక్కుల నుంచి గొట్టం ఏసి పాలు పోస్తున్రు. అక్క కింద బాలింతల వార్డుల ఉంది. పాల యాళ్లకు పైకి పిలుస్తరు, గిన్నెల పిండి ఇయ్యంగనే కిందికి పంపిస్తరు. బావనైతే దర్వాజ కాడనే ఆపుతున్రు. పుట్టినకాంచి ఆయన కొడుకును సక్కగ చూసిందే లేదు.

ఢిల్లీల ఉండే మా దోస్తు ఒకడు అక్కడ తల్లులను లోపలనే పండవెడుతున్రని చెప్పిండు. మా అమ్మేమో "డాక్టర్లకు అడ్డం పోకుండ్రి, మన చేతులు తగిలితే పసిగుడ్డుకు ఏమన్న అయితది" అంటున్నది. మేం అడగొచ్చా? అడిగితే కోపానికి వచ్చి బిడ్డను సరిగ్గ చూడరని కూడ భయంగ ఉంది. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

గోదారి_గట్టు | సోమవారం, రాత్రి 11:05

అడగడంలో తప్పేం లేదండీ, కానీ మన జనం సంగతి తెలిసిందే కదా. ఒక బిడ్డను చూడ్డానికి పెదనాన్న దగ్గర్నుంచి పక్కింటి వాళ్ల దాకా క్యారేజీలతో సహా దిగుతారు. ఉప్మా తిన్న చేత్తోనే బుగ్గ పట్టుకుంటారు. ఆ తలుపు దగ్గర సెక్యూరిటీని పెట్టింది ఊరికే కాదు. మీ అమ్మగారి మాటే కరెక్టని నా అభిప్రాయం.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మంగళవారం, ఉదయం 8:20

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను ఎస్‌ఎన్‌సీయూలోనే స్టాఫ్ నర్సుని. తమ్ముడూ, నిశ్చింతగా అడగండి. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఫ్యామిలీ పార్టిసిపేటరీ కేర్ అని పేరు, వార్డులో ఎఫ్‌పీసీ అంటాం. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రి వాళ్లు ముందు తమ దగ్గర చేసి చూశారు. ఇంటివాళ్లకు నేర్పించి లోపలికి తీసుకుంటే ఇన్ఫెక్షన్లు పెరగలేదు, పైగా తల్లిపాల మీదే ఇంటికెళ్లిన పిల్లల సంఖ్య పెరిగింది. ఆ తర్వాతే అన్ని రాష్ట్రాలకూ చెప్పారు. అన్నిచోట్లా ఒకేలా అమలవుతోందా అంటే లేదు. ఇన్‌చార్జి సిస్టర్‌ని బట్టి, గదిలో ఉన్న జాగాను బట్టి ఉంటుంది.

గోదారి గారూ, మీరు చెప్పిన చుట్టాల గుంపును మేం కూడా రానివ్వం. మేం అనేది తల్లి, తండ్రి, తల్లి రాలేకపోతే ఆ ఇంట్లోంచి ఇంకొక్కరు. వాళ్లు కూడా చూసి వెళ్లడానికి కాదు, చెయ్యడానికి రావాలి.

చెయ్యడం అంటే ముందు చేతులు. గాజులు, ఉంగరాలు, మణికట్టుకు కట్టిన తాళ్లు తీసేయాలి. గుడిలో కట్టిన తాడు తియ్యనని కొందరు మొండికేస్తారు. అది తడిసి, ఆరి, మళ్లీ తడిసి ఉంటుంది. దాన్ని మించిన మురికి ఆ గదిలో ఇంకోటి ఉండదు. విప్పి పర్సులో పెట్టుకోమంటే సరేనంటారు, పారేయమంటేనే గొడవ. మోచేతుల దాకా సబ్బు, గోళ్ల సందులు, బొటనవేలి చుట్టూ. తర్వాత చీర కొంగుకు తుడుచుకోకూడదు, గాలికి ఆరాలి. ఫోన్ బయటే.

ఆ తర్వాత బిడ్డ పనులు ఒక్కొక్కటే అప్పగిస్తాం. లంగోటీ మార్చడం, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తుడవడం, గొట్టంలో పాలు పోసేటప్పుడు సిరంజి పట్టుకోవడం. గొట్టం సరైన చోట ఉందో లేదో చూసే బాధ్యత మాదే. కాస్త ఎదిగాక ఉగ్గుగిన్నెతో పట్టడం. ఇక ఇంజెక్షన్లు, సెలైన్, ఆక్సిజన్, మానిటర్ జోలికి ఇంటివాళ్లు రాకూడదు. అది గట్టిగా చెప్తాం.

కోపం వస్తుందేమో అన్నారు కదా. నైట్‌లో ఇద్దరం సిస్టర్లం ఉంటాం, బిడ్డలు ఇరవై దాటిన రోజులుంటాయి. ఒక మూల తల్లి కూర్చుని ఉంటే నాకు ఒక జత కళ్లు ఎక్కువ ఉన్నట్టు. మొన్నొక అమ్మాయి, మొదటి కాన్పు, చదువు కూడా పెద్దగా లేదు. "సిస్టర్, వీడు పొద్దుటిలా లేడు, కాలు ముడవట్లేదు" అంది. మానిటర్‌లో అంకెలన్నీ బాగానే ఉన్నాయి. డాక్టర్‌ని పిలిచి రక్తం పంపించాం, ఇన్ఫెక్షన్ మొదలైందని తేలింది. నేను రెండు గంటలకోసారి చూసే బిడ్డను ఆమె రోజంతా చూస్తోంది మరి.

మంజీర_తమ్ముడు | మంగళవారం, ఉదయం 9:02

సిస్టరమ్మా, శానా థ్యాంక్స్. కంగారు కేర్ అని, బిడ్డను ఒట్టి ఛాతికి ఆనిచ్చి కట్టుకునుడు ఒకటి ఉంటదట గద. అక్కకు కుట్లు నొస్తున్నయ్, కూసునుడే కష్టం. బావ చెయ్యొచ్చా? నవ్వకుండ్రి గని, బావకు ఛాతి మీద వెంట్రుకలు మస్తుంటయ్. గీసుకోవాల్నా అని అడుగుమన్నడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మంగళవారం, ఉదయం 9:15

😄 అక్కర్లేదని చెప్పండి. వారానికోసారి ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. గీసుకుంటే గాట్లు పడతాయి, అదే ఎక్కువ ఇబ్బంది. స్నానం చేసి, ఉతికిన ముందు గుండీల చొక్కా వేసుకొస్తే చాలు. అత్తరు, పౌడరు వద్దు. బీడీ, సిగరెట్ తాగి రావద్దు. దగ్గు, జలుబు, చర్మం మీద పుండ్లు ఉంటే ఆ రోజుకి మానేయాలి.

బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ తప్ప ఏమీ ఉండవు. ఛాతీ మధ్యలో నిలువుగా, కాళ్లూ చేతులూ ముడిచి కప్పలా పడుకోబెడతాం. తల ఒక పక్కకి, గడ్డం కొంచెం పైకి. మెడ ముందుకి వాలిపోతే ఊపిరి ఆడదు, అదొక్కటీ కళ్లు పెట్టి చూసుకోవాలి. పైన గుడ్డ బిగించి కట్టేస్తాం. వెనక్కి వాలే కుర్చీ ఉంటే మంచిది, లేకపోతే మంచానికి దిండ్లు పేర్చి ఆనిస్తాం. ఒకసారి పెట్టుకుంటే గంటకు తగ్గకుండా ఉంచుకోవాలి. పావుగంటకోసారి తీసి పెడితే బిడ్డ అలసిపోతాడు. మీ బాబు విషయంలో ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం అక్కడి డాక్టర్ చెప్పాలి.

రిటైర్డ్_పిల్లల_డాక్టరు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

సిస్టర్ చక్కగా చెప్పింది. మా పీజీ రోజుల్లో నర్సరీ తలుపు మీద "లోనికి ప్రవేశము లేదు" అని ఎర్ర అక్షరాలతో బోర్డు ఉండేది. తల్లులంటేనే ఇన్ఫెక్షన్ అని మాకు నూరిపోశారు. నిజానికి ఆస్పత్రిలో పసిబిడ్డలను చంపే మొండి క్రిములు ఎక్కువగా ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు మోసుకెళ్లేది వార్డులో తిరిగే మా చేతులే. తల్లి చేతులు ఒక్క బిడ్డనే ముట్టుకుంటాయి. ఆమె ఒంటి మీది మామూలు క్రిములు బిడ్డకు చేరడం మంచిదే, తల్లిపాలలో వాటికి విరుగుడు కూడా ఉంటుంది.

కంగారు కేర్ కూడా వసతులు ఎక్కువై పుట్టింది కాదు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదానిలో ఇద్దరేసి ముగ్గురేసి పిల్లలను పెట్టేవారు. ఒకరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటుకుని చనిపోయేవారు. ఎడ్గార్ రే అనే డాక్టరు తల్లుల ఛాతీకి కట్టి చూద్దామన్నాడు. చాన్నాళ్లు దీన్ని పేద దేశాల సర్దుబాటుగానే చూశారు. బిడ్డ కుదుటపడ్డాకే మొదలుపెట్టాలని కూడా నియమం ఉండేది.

ఆ నియమాన్ని మార్చిన పరిశోధన 2021లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, మన దేశం, మొత్తం అయిదు ఆస్పత్రులు. మన దగ్గర ఢిల్లీ సఫ్దర్‌జంగ్. మీ దోస్తు చెప్పింది బహుశా అదే. కిలో నుంచి 1,799 గ్రాముల లోపు పిల్లలు 3,200 మందికి పైగా. పుట్టిన వెంటనే కంగారు కేర్ మొదలుపెట్టిన వాళ్లలో 28 రోజుల లోపు మరణాలు 12 శాతం, కుదుటపడ్డాక మొదలుపెట్టిన వాళ్లలో 15.7 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి పరిశోధనను ముందే ఆపేశారు. రోజుకు దాదాపు 17 గంటలు బిడ్డ ఛాతీ మీదే ఉంది. అది జరగాలంటే తల్లి మంచం ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) లోపలే ఉండాలి. అక్కడ అలాగే వేశారు, మదర్ ఎన్ఐసీయూ అని. తల్లి లేని గంటల్లో ఇంట్లో వాళ్లు ఎత్తుకున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని పిల్లల మీద ఇచ్చిన సిఫార్సుల్లో, కుటుంబాన్ని వైద్యంలో భాగం చేయాలన్నది కూడా ఉంది.

బెజవాడ_సూటిగా | మంగళవారం, మధ్యాహ్నం 2:11

అంతా బాగుంది గానీ ఒక మాట. నర్సు పోస్టులు ఖాళీగా పెట్టి, ఆ పని ఆపరేషనైన ఆడమనిషి చేత చేయించుకుని దానికొక మంచి ఇంగ్లీషు పేరు పెట్టారని నాకు అనిపిస్తోంది. సర్కారీ వార్డుల్లో ఎప్పటి నుంచో స్ట్రెచర్ తోసేది ఇంటివాళ్లే, సెలైన్ సీసా పట్టుకునేది ఇంటివాళ్లే, రక్తం శాంపిల్ తీసుకుని ల్యాబుకి పరిగెత్తేదీ ఇంటివాళ్లే. దాన్ని భాగస్వామ్యం అందామా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మంగళవారం, సాయంత్రం 4:50

> "నర్సు పోస్టులు ఖాళీగా పెట్టి..."

ఖాళీల గురించి నాతో చెప్పించకండి, రాత్రంతా సరిపోదు. శాంపిల్ మోయించడం తప్పే, అది ఆయమ్మ పని, వార్డు బాయ్ పని. కానీ బిడ్డను ఒంటికి కట్టుకోవడం, పాలు పట్టడం నా పని అమ్మకు అప్పగించినట్టు కాదు. అది మొదటి నుంచీ ఆమెదే, మధ్యలో మేం లాక్కున్నాం. ఇంకోటి, నేర్పించకుండా పని అంటగట్టే చోట మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నేర్పడానికి సిస్టర్‌కి టైం కావాలి. ఒక తల్లికి చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి ఇంటికెళ్లాక చూసుకునే దాకా నేర్పాలంటే నాలుగైదు సార్లు కూర్చోబెట్టి చెప్పాలి.

రిటైర్డ్_పిల్లల_డాక్టరు | మంగళవారం, సాయంత్రం 5:25

సూటిగా గారి అనుమానానికి చరిత్రలో ఆధారం కూడా ఉంది. 1979లో ఎస్టోనియాలోని టాలిన్ పిల్లల ఆస్పత్రిలో అడిక్ లెవిన్ అనే వైద్యుడు తల్లుల చేతికి పిల్లలను అప్పగించింది నర్సులు దొరక్కే. పిల్లలు బాగా కోలుకోవడం తర్వాత తెలిసింది. టొరంటో మౌంట్ సినాయ్ డాక్టర్లు అది చూసి వెళ్లి తమ దగ్గర పెట్టుకున్నారు, వాళ్లకు నర్సుల కొరత కాదు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 26 ఎన్ఐసీయూల్లో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. తల్లో తండ్రో రోజుకు కనీసం ఆరు గంటలు ఉండి బిడ్డను చూసుకున్నచోట బరువు బాగా పెరిగింది, తల్లిదండ్రుల ఆందోళన తగ్గింది. కాబట్టి సిబ్బంది నిండుగా ఉన్నా ఇది కావాలి. దీన్ని చూపించి సిబ్బందిని తగ్గిస్తామంటే మాత్రం మీ పక్షానే ఉంటాను.

బెజవాడ_సూటిగా | మంగళవారం, సాయంత్రం 5:40

ఆ చివరి వాక్యం వార్డు గోడ మీద రాయించండి సార్.

సీమ_తల్లి | మంగళవారం, రాత్రి 8:33

సర్కారోళ్లని అంటాండారు గానీ ప్రైవేటులో ఇంకా అధ్వానం. మా పాపకు పుట్టినప్పుడు కామెర్లు, ఇన్ఫెక్షన్ అని ఒక పెద్ద ఆస్పత్రిలో పెట్టినాం. పేరు చెప్పను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అద్దంలోంచి చూపిస్తాండ్రి. నీలం లైటు కింద కళ్లకు గంతలు కట్టి ఉండె. ఏమన్నా అడిగితే "స్టేబుల్" అనే ఒక్క మాట. బిల్లు కట్టేదానికి మాత్రం నా మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తాండ్రి. నా పాలు ఇంకిపోయినాయి. ఇంటికి తీసుకొచ్చినాక పాప ఏడుస్తుంటే ఆకలికో, కడుపునొప్పికో నాకు తెలీకపాయె. పరాయి బిడ్డను తెచ్చుకున్నట్టే ఉండె.

రెండో కాన్పు బాబుకు కూడా కామెర్లే వచ్చినాయి, ఈసారి వేరే చోట. లైటు కింద పెట్టి, రెండు గంటలకోసారి నా చేతికిచ్చి పాలు పట్టించినారు. అంతే తేడా.

గోదారి_గట్టు | మంగళవారం, రాత్రి 8:50

అమ్మా, మీది చదివాక నేనన్నది కొంచెం తగ్గించుకుంటాను. కానీ ఆ పక్క బాలింత పరిస్థితి ఎవరూ మాట్లాడట్లేదు. పురిటి మైల, పథ్యం, చలిగాలి అని ఇంట్లో పెద్దవాళ్లు పదకొండో రోజు దాకా గడప దాటనివ్వరు. ఆమె పైఅంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలో రోజంతా ఎలా కూర్చుంటుంది?

నైట్‌డ్యూటీ_సిస్టర్ | బుధవారం, ఉదయం 8:40

అసలు చిక్కంతా అక్కడే ఉంది. కాన్పు ఒక ఊళ్లో, ఎస్‌ఎన్‌సీయూ ఇంకో ఊళ్లో అయితే తల్లి అక్కడే ఉండిపోతుంది, బిడ్డతో తండ్రో నాయనమ్మో వస్తారు. పాలు రావు, డబ్బా పాలు మొదలవుతాయి. అలా ఉంటే తల్లిని కూడా ఇక్కడికే పంపమని మేమే ఫోన్ చేసి చెప్తాం. 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం ఉంది. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్, బాలింతకు భోజనం ఉచితం. జబ్బు చేసిన పసిబిడ్డకు మందులు, పరీక్షలు, రానూపోనూ వాహనం కూడా ఉచితం. ఎవరైనా డబ్బులు అడిగితే సూపరింటెండెంట్‌కి చెప్పండి.

పెద్దవాళ్లతో వాదించను నేను. నాయనమ్మను లోపలికి పిలిచి, చేతులు కడిగించి, బిడ్డ పాదం మీద ఒకసారి చెయ్యి వేయిస్తాను. మర్నాటి నుంచి కోడలికి వెల్లుల్లి కారం, పాలు తెచ్చి దగ్గరుండి తినిపించేది ఆమే. కుర్చీ సంగతంటారా, మా దగ్గర కూడా సరిపడా లేవు. దాతల్ని అడిగి కొన్ని తెచ్చుకున్నాం.

లీడ్స్_తెలుగోడు | బుధవారం, మధ్యాహ్నం 3:18

ఇక్కడ బ్రిటన్‌లో కూడా ఇదంతా తేరగా రాలేదు. 1950ల్లో కొన్ని ఆస్పత్రుల్లో పిల్లల్ని వారానికోసారే చూడనిచ్చేవారట. తల్లి వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తున్నారు, అసలు రాకపోతే నోరెత్తకుండా ఉంటున్నారు కాబట్టి రాకపోవడమే నయం అన్నది వాళ్ల లెక్క. నోరెత్తకుండా ఉండటం బుద్ధిమంతనం కాదని, ఆశ వదులుకోవడమని జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన సినిమా తీసి చూపించాడు. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక, తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలి, చిన్నపిల్లల తల్లులకు ఆస్పత్రిలోనే బస ఇవ్వాలి అంది. అమలు కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

మా అమ్మాయికి టాన్సిల్స్ తీసినప్పుడు మత్తు ఇచ్చే గదిలోకి నన్నూ రమ్మన్నారు. చేతి మీద మొద్దుబారే క్రీము ముందే రాశారు. నిద్రలోకి జారేదాకా ఒళ్లో పెట్టుకున్నాను, తర్వాత నన్ను బయటికి పంపారు. మెలకువ రాగానే మళ్లీ పిలిచారు. రాత్రి దాని మంచం పక్కనే నాకో మడత మంచం.

తెనాలి_మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:02

పెద్ద పిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మా మనవడికి తలసీమియా. మూడు వారాలకో నాలుగు వారాలకో రక్తం ఎక్కించాలి. వాడి చేతిలో ఏ నరం దొరుకుతుందో మా కోడలికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎడమ చేతి వెనక, చూపుడువేలి కిందుగా. ఒక నోటుబుక్కు పెట్టుకుంది: ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ ఎంత, ఏ మందుకు దద్దుర్లు వచ్చాయి, సంచి ఎంతసేపటికి అయింది, అన్నీ. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లలో ఆ పుస్తకం అడిగి చూసేవాళ్లు కొందరు, "మాకు చెప్పొద్దమ్మా" అని నాలుగు చోట్ల పొడిచేవాళ్లు కొందరు. దెబ్బ తినేది పిల్లవాడు.

ఇక మనవాళ్ల అలవాటు ఒకటుంది. అన్నం తినకపోతే "డాక్టర్ చేత సూది వేయిస్తా" అంటారు. తీరా ఆస్పత్రికెళ్లాక "ఏం లేదు నాన్నా, చీమ కుట్టినట్టు" అంటారు. నొప్పి ఉంటుందని, కాసేపే ఉంటుందని, నేను చెయ్యి పట్టుకునే ఉంటానని చెప్తే ఆరేళ్ల పిల్లవాడు కూడా ఓర్చుకుంటాడు. నలుగురు కలిసి కాళ్లూ చేతులూ అదిమి పట్టాల్సిన పని ఉండదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని వేయించమని కోడలు అడుగుతుంది, ఇప్పుడు ఆ వార్డులో మిగతా తల్లులూ అలాగే అడుగుతున్నారు.

మంజీర_తమ్ముడు | గురువారం, మధ్యాహ్నం 12:26

ఇయ్యాల పొద్దుగాల రౌండ్స్ అయినంక ఇన్‌చార్జి సిస్టర్‌ను అడిగినం. గరం అయితదేమో అనుకున్న గని "మీరే అడుగుతలేరు, అడిగినోళ్లకు నేర్పిస్తున్నం" అన్నది. బావకు చేతులు కడుగుడు చూపెట్టి, గౌను ఇచ్చి లోపలికి తీస్కపోయిన్రు. రేపటిసంది అక్కకు పొద్దుగాల, బావకు రాత్రి. అక్కను లోపలనే ఉంచుడు మాత్రం కాదట, జాగ లేదు. మా అమ్మ ఇంక గునుస్తనే ఉంది.

ఒక సంగతి. ఇంటికి పంపేటప్పుడు మేం ఏం అడిగి తెలుసుకోవాలె?

నైట్‌డ్యూటీ_సిస్టర్ | గురువారం, మధ్యాహ్నం 2:05

మంచి మాట చెప్పారు. ఇంటికెళ్లే ముందు మీ అక్క మా ముందే ఒక రోజంతా బిడ్డ పనులన్నీ తానే చేయాలి, మేం చూస్తూ ఊరుకుంటాం. అలా చేయించమని మీరే అడగండి.

ప్రమాద గుర్తులు రాసి ఇంట్లో గోడకు అంటించుకోండి. పాలు తాగకపోవడం, మందకొడిగా పడి ఉండటం, ఒళ్లు చల్లబడటం లేదా కాలిపోవడం, నిమిషానికి 60 సార్లు, ఆపైన ఊపిరి తీయడం, డొక్క లోపలికి పోవడం, ఫిట్స్, అరచేతులు, అరికాళ్లు పచ్చబడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి తీసుకొచ్చేయండి. ఇంట్లో కూడా కంగారు కేర్ ఆపొద్దు, ఛాతీ మీద ఉండనని వాడే తన్నుకునేదాకా చేయండి. ఆశా వర్కర్ ఇంటికొచ్చి బరువు చూస్తుంది, రాకపోతే మీరే కబురు పెట్టండి.

చాలామంది వదిలేసేది కంటి పరీక్ష. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోగా కంటి వెనక పొర చూపించి తీరాలి. పైకి కళ్లు చక్కగానే కనిపిస్తాయి. ఆలస్యమైతే చూపు పోతుంది, టైంకి చూస్తే లేజర్‌తో ఆపొచ్చు. చెవి పరీక్ష కూడా అడగండి.

మంజీర_తమ్ముడు | గురువారం, మధ్యాహ్నం 2:31

కంటి పరీక్ష సంగతి మాకు ఎవ్వలు చెప్పలే. ఇప్పుడే పోయి తారీఖు ఫైలు మీద రాయించుకొస్త.

సీమ_తల్లి | గురువారం, మధ్యాహ్నం 2:44

తమ్ముడూ, ఫైలు ఒక్కదాన్నే నమ్మొద్దు. ఫోన్లో ఫోటో కూడా తీసిపెట్టుకో.